కోలుకుంటున్నవారిని కుక్కల పనితో ఉద్యోగం దాకా చేర్చడం ఎలా? బెంగళూరులో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

తాగుడు మానినవాళ్లు, మానసిక వైద్యం తీసుకుంటూ కుదుటపడుతున్నవాళ్లు మా డాగ్ బోర్డింగ్‌లో (యజమానులు ఊరెళ్లినప్పుడు వాళ్ల కుక్కలను ఉంచుకుని చూసే చోటు) పనిచేస్తున్నారని తెలిసినప్పటి నుంచి చాలామంది అదే ప్రశ్న అడుగుతున్నారు. "మా తమ్ముడికి కూడా ఇలా కుదురుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?" మారతహళ్లి, కేఆర్ పురం, బొమ్మనహళ్లి వైపు ఉండే తెలుగు కుటుంబాలు, ఒకటి రెండు చిన్న కెన్నెళ్ల యజమానులు, ఒక డీఅడిక్షన్ సెంటర్ కౌన్సెలర్. ఫోన్‌లో పది నిమిషాల్లో తేలే విషయం కాదు కాబట్టి వరుసగా రాస్తున్నాను.

కుక్కను నిమురుతూ కూర్చుంటే మనసు తేలికపడుతుంది. నేనూ చూశాను. కానీ దానితో ఉద్యోగం రాదు. పొద్దున ఏడింటికి రావడం, చేసిన పని పుస్తకంలో రాయడం, నెల తిరిగేసరికి జీతం చేతికి అందుకోవడం, వీటితో వస్తుంది. కింద చెప్పేవన్నీ ఈ రెండో దారి గురించే.

## 1. ముందు మనుషులను కూర్చుకోండి

కుక్కను తెచ్చే ముందు నలుగురు కావాలి. వైద్యం చేస్తున్న సైకియాట్రిస్ట్ లేదా కౌన్సెలర్, రోజూ పక్కన ఉండి పని నేర్పే సూపర్‌వైజర్, పశువుల డాక్టర్, బయట ఉద్యోగాలు వెతికిపెట్టే మనిషి. చాలాచోట్ల ఈ నాలుగో మనిషే ఉండడు. అందుకే మంచి ప్రయత్నాలు కూడా ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోతాయి.

బెంగళూరులో హోసూరు రోడ్డు మీదున్న కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో వ్యసనాల చికిత్సకు, మానసిక పునరావాసానికి వేరువేరు విభాగాలున్నాయి. మీ మనిషి అక్కడ చూపించుకుంటుంటే, "పనికి పంపాలనుకుంటున్నాం, ఏయే వేళలు సరిపోతాయి?" అని ఆ డాక్టర్నే అడగండి.

పని చెప్పే సూపర్‌వైజర్, మనసు విప్పి మాట్లాడాల్సిన కౌన్సెలర్ ఒకరే కాకూడదు. రాత్రి తాగాలనిపించిందని చెబితే పని పోతుందేమో అనుకుంటే ఎవరూ నోరు విప్పరు.

## 2. ఎవరికి కుదురుతుంది, ఎవరు ఆగాలి

"బాగా కోలుకున్నాకే పని" అని నెలల తరబడి ఆపకండి. మనిషి తానే పని కావాలంటున్నాడు, డాక్టర్ సరేనన్నారు, అంటే మొదలుపెట్టొచ్చు. ఎంతకాలం మానేశాడన్నదానికంటే ఎంత కావాలనుకుంటున్నాడన్నదే నాకు ముఖ్యం.

అయితే కొన్ని ముందే చూసుకోవాలి:

- కుక్కలంటే భయమా? ఉంటే బలవంతం చేయకండి. ఆఫీసులో రాసే పని, వంట పని ఇవ్వొచ్చు.
- ఆస్తమా, వెంట్రుకల ఎలర్జీ ఉన్నాయా?
- ఫిట్స్ వచ్చిన చరిత్ర ఉందా? ఉంటే పెద్ద కుక్కలతో ఒంటరిగా వదలకూడదు.
- జంతువులను హింసించిన చరిత్ర ఉందా? ఉంటే ఈ దారి వద్దు.
- ఉదయం మందుల మత్తు ఎంతసేపు ఉంటుంది?

చివరి ప్రశ్నను అందరూ వదిలేస్తారు. రాత్రి వేసుకునే కొన్ని మందుల మగత పొద్దున తొమ్మిది దాకా వదలదు. అలాంటి మనిషిని ఆరింటి షిఫ్టుకు వేసి, లేటుగా వస్తున్నాడని కోప్పడటం అన్యాయం. పది గంటల షిఫ్టు ఇవ్వండి, లేదా మాత్ర వేసుకునే వేళ మార్చవచ్చేమో డాక్టర్ని అడగమనండి. మాత్ర మానేయమని మాత్రం ఎవరూ చెప్పకూడదు.

## 3. కుక్కను ఎంచుకోవడం

కుక్కపిల్లలు వద్దు. ముద్దుగా ఉంటాయి గానీ కరుస్తాయి, రాత్రంతా ఏడుస్తాయి, టీకాలు పూర్తికావు. దెబ్బలు తిని భయపడిపోయిన కుక్క కూడా వద్దు. "ఇద్దరూ కష్టపడినవాళ్లే, ఒకరినొకరు అర్థం చేసుకుంటారు" అని చెప్పే మాట వినడానికి బాగుంటుంది. ఆచరణలో ఇద్దరూ ఒకేసారి బెదిరిపోతారు.

రెండు నుంచి ఆరేళ్ల వయసు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినది, రేబిస్ టీకా ప్రతి ఏడాది పడుతున్నది, మీ దగ్గర కనీసం నెలరోజులుగా ఉంటున్నది, తనంతట తానే మనుషుల దగ్గరికి వచ్చేది అయితే మంచిది. జాతి ఏదైనా పర్వాలేదు. మా దగ్గర బాగా కుదిరినవి ఇండీలే, అంటే మన నాటు కుక్కలే.

పని మొదలయ్యే ముందే కుక్క భాష నేర్పండి. పదేపదే పెదాలు నాకడం, నిద్ర లేకుండానే ఆవులించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కచూపు చూడటం, తోక కాళ్ల మధ్యకు లాక్కోవడం, ఉన్నట్టుండి కొయ్యబారిపోవడం. వీటిలో ఏది కనిపించినా చెయ్యి వెనక్కి తీసుకోవాలి. "గుర్రుమంటే ఆగాలి" అని నేర్పితే చాలదు, అప్పటికే ఆలస్యం అయినట్టు.

ఒక్కో కుక్కకు కొత్త మనిషితో రోజుకు రెండు విడతలు, విడతకు ముప్పావుగంట మించకుండా చూడండి. రానని కుక్క వెనక్కి వెళితే ఆ రోజుకు దానికి సెలవు.

## 4. స్థలం సిద్ధం చేయడం: మామూలు కెన్నెల్‌లో ఉండని జాగ్రత్తలు

ఈ భాగాన్ని దయచేసి రెండుసార్లు చదవండి. మామూలు కెన్నెల్‌లో పర్వాలేదనిపించే వస్తువు ఇక్కడ ప్రమాదం కావచ్చు.

శానిటైజర్, సర్జికల్ స్పిరిట్. తాగుడు మానడానికి కొందరికి డైసల్ఫిరామ్ మాత్ర ఇస్తారు. అది వేసుకునేవారికి ఆల్కహాల్ తగిలితే ముఖం ఎర్రబడటం, గుండె దడ, వాంతులు వస్తాయి. చేతులకు రాసుకునే శానిటైజర్ నుంచి కూడా ఇబ్బంది రావచ్చు. ఇంకొందరికి ఆ వాసనే పాత కోరికను లేపుతుంది. పని చేసే చోట సబ్బు, నీళ్లు పెట్టండి. స్పిరిట్ సీసా పశువుల డాక్టర్ పెట్టెలోనే ఉండాలి.

మందుల బీరువా. కుక్కలకు వాడే కెటమిన్, ట్రమడాల్, డయాజిపామ్ మనుషులకు అలవాటయ్యే మందులే. తాళం వేయాలి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి, వాడిన ప్రతిసారీ రాయాలి. ఇది ఒకరి మీద అనుమానంతో చేస్తున్నట్టు ఉండకూడదు. యజమానితో సహా అందరికీ ఒకటే రూలు.

ఎండ. బైపోలార్‌కు (మనసు అతి హుషారుకూ అతి దిగులుకూ మధ్య ఊగే జబ్బు) లిథియం వాడేవారికి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో మందు మోతాదు పెరిగి ప్రమాదం అవుతుంది. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నం నడక వద్దు, కుక్క పాదాలకూ అది మంచిదే. నీళ్ల సీసా పక్కనే ఉండాలి. వాంతులు, విరేచనాలు, నడకలో తూలుడు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

రేబిస్ టీకా. రోజూ కుక్కలతో పనిచేసేవాళ్లు కాటు పడకముందే వేయించుకోవాలి. మొదటి డోసు వేసిన రోజును 0గా లెక్కిస్తే 0, 7, ఆ తర్వాత 21 లేదా 28వ రోజు, మొత్తం మూడు డోసులు. కాటు పడితే వెంటనే పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. ముందు మూడు డోసులూ వేసుకున్నవారికి కాటు తర్వాత 0, 3 రోజుల్లో రెండు డోసులు సరిపోతాయి, ఇమ్యునోగ్లోబ్యులిన్ (గాయం దగ్గర వేసే, రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ఇంజెక్షన్) అక్కర్లేదు. వేసుకోనివారికి ఎక్కువ డోసులు, గాయం తీవ్రతను బట్టి ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. టెటనస్ సంగతి కూడా అడగండి.

శుభ్రం చేసే మందులు. ముందు మలమూత్రాలు నీళ్లతో కడగాలి, ఆ తర్వాతే బ్లీచ్. ఒక భాగం బ్లీచ్ ద్రావణానికి ముప్పై భాగాల నీళ్లు, పది నిమిషాలు ఉంచి మళ్లీ కడగాలి. బ్లీచ్‌ను యాసిడ్‌తో గానీ ఫినాయిల్‌తో గానీ కలపకూడదు, విషవాయువులు పుడతాయి. మగ్గుల కొలతను బకెట్ మీదే పెయింట్‌తో గీత గీసి పెట్టండి. చదవడం రానివారికి ఆ గీతే దారి.

మొదటి రోజుకు ముందు సరిచూసుకోండి:

- టీకాలు మొదలయ్యాయి, కార్డు ఫైల్లో ఉంది
- మందుల బీరువాకు తాళం ఉంది
- స్పిరిట్, శానిటైజర్ తీసేశాం
- కుక్క టీకా కార్డు, పిడుదుల మందు వేసిన తేదీ రాసి ఉన్నాయి
- అత్యవసరంలో ఎవరికి ఫోన్ చేయాలో గోడ మీద ఉంది
- ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416, మత్తు వ్యసనాల హెల్ప్‌లైన్ 14446 కూడా అక్కడే ఉన్నాయి

## 5. మొదటి రెండు వారాలు: ఒక్క పని, ఒక్క కుక్క

మొదటి వారం రోజుకు రెండు గంటలే. వచ్చాక చేయాల్సిన పనుల వరుస రోజూ మారకూడదు: సంతకం, చేతులు కడుక్కోవడం, నీళ్ల గిన్నె మార్చడం, నడక, పుస్తకంలో రాయడం, ఇంటికి.

మదనపల్లె దగ్గర నుంచి వచ్చిన ఒక అతను, అంతకుముందు మేస్త్రీ పని చేసేవాడు. చైన్ కొక్కేన్ని కుక్క మెడపట్టీ రింగులో తగిలించబోతే, మందుల వల్లనో టెన్షన్ వల్లనో, చేతులు వణికేవి. కొక్కెం రింగుకు తగిలి టిక్కుమని జారిపోయేది. పక్కన నిలబడి నేను "మెల్లగా, మెల్లగా" అనేవాణ్ని, ఇంకా వణికేవి. మూడో రోజు నేను దూరంగా జరిగి, వీపు తిప్పి బకెట్లు కడుక్కుంటూ ఉండిపోయాను. కుక్క చిన్ని, ఆరేళ్ల ఆడది, కూర్చుని తల ఒక పక్కకు వంచి అలాగే ఆగింది. నాలుగుసార్లు జారింది. అయిదోసారి కొక్కెం పడిన చప్పుడు వినిపించింది. "అన్నా, తగిలించినా" అన్నాడు.

ఆ రోజు నుంచి మేం మార్చినవి రెండు. మొదటి నెల పెద్ద కొక్కెం ఉన్న చైన్ ఇస్తున్నాం. సూపర్‌వైజర్ పది అడుగుల దూరంలో, వేరే పని చేసుకుంటూ ఉంటాడు. కుక్క ఎలా ఉందో చూడగలగాలి, మనిషికి మాత్రం పరీక్షలో ఉన్నట్టు అనిపించకూడదు.

పుస్తకంలో అయిదు గళ్లు చాలు: తిన్నదా, నీళ్లు తాగిందా, మలం ఎలా ఉంది, ఎంతసేపు నడిచింది, ఏదైనా తేడా ఉందా. తెలుగులోనే రాయనివ్వండి. రాయడం రాకపోతే వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టమనండి.

## 6. మూడో వారం నుంచి: బయట అడిగే పనులు నేర్పండి

ఇప్పుడు గంటలు నాలుగుకు పెంచండి. కుక్క మీద ప్రేమతో చేసే పనుల కంటే బయట బోర్డింగులు, క్లినిక్కులు, గ్రూమింగ్ షాపులు డబ్బిచ్చి చేయించే పనులు నేర్పాలి.

- తిండి తూకం వేసి పెట్టడం. కుక్క బరువు, ప్యాకెట్ మీది పట్టిక చూసి గ్రాముల్లో కొలవాలి. ఉల్లిపాయ, ద్రాక్ష, చాక్లెట్ ఎందుకు పెట్టకూడదో తెలియాలి.
- స్నానం, ఆరబెట్టడం, దువ్వడం. కుక్కల షాంపూ మాత్రమే వాడాలి. డ్రయర్ ముందు చప్పుడుకు అలవాటు చేసి, ఆ తర్వాత గాలి తగలనివ్వాలి.
- పిడుదులు వెతకడం. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో.
- షిఫ్టు అప్పగింత. "మూడో గదిలోది పొద్దున తినలేదు" అని తర్వాతివాళ్లకు చెప్పి వెళ్లడం.

గోళ్లు కత్తిరించడం ఆఖర్న. నల్లగోళ్లలో రక్తనాళం కనిపించదు, కొంచెం కొంచెంగా తీయాలి. రక్తం వస్తే రాసే పొడి పక్కన పెట్టుకోవాలి. చెయ్యి వణుకు ఉన్నవారిచేత చేయించకండి.

వీటిలో నాకు అన్నిటికంటే విలువైనది షిఫ్టు అప్పగింత. తర్వాత వేర్‌హౌస్‌కు వెళ్లినా, హౌస్‌కీపింగ్‌కు వెళ్లినా అదే పనికొస్తుంది. ఇన్నేళ్లూ ఎవరూ తమ మాటను నమ్మని మనిషికి, తాను చెప్పిన మాట విని డాక్టర్ ఆ కుక్కను వచ్చి చూశారంటే ఎంత పెద్ద విషయమో దగ్గరగా చూస్తే తెలుస్తుంది.

బెంగళూరు కాబట్టి నాలుగు కన్నడ మాటలు కూడా నేర్పండి. మన కుక్క అక్కడ నాయి. "నాయి ఊట మాడిల్ల" అంటే తినలేదని. "ఇవత్తు లేట్ ఆగుత్తె" అంటే ఈరోజు లేటవుతుందని, "నాళె బర్తీని" అంటే రేపు వస్తానని. లేటవుతుందని ముందే ఫోన్ చేసి చెప్పడం వస్తే సగం ఉద్యోగం నిలబడినట్టే.

## 7. జీతం, జీతం రోజు

మొదటి రోజు నుంచే డబ్బివ్వండి. "సేవ చేస్తున్నాడు, మంచి జరుగుతుంది" అని ఊరికే చేయించుకోవద్దు. చేసిన గంటలకు కనీస వేతనం లెక్కన ఇవ్వలేకపోతే గంటలు తగ్గించండి, రేటు తగ్గించకండి.

తాగుడు మానినవారికి జీతం రోజు సాయంత్రమే గండం. బస్టాపు దాకా ఎన్ని బార్లు, ఎన్ని ఎంఆర్‌పీ మద్యం షాపులు ఉన్నాయో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. అందుకని ముందు వారమే కూర్చుని అడగండి: "జీతం ఎలా కావాలి? వారానికా, నెలకా? అకౌంట్‌లోనా? ఆ సాయంత్రం ఏం చేస్తావు?" జవాబు ఆయనదే కావాలి. ఒకరు సగం భార్య అకౌంట్‌లో వేయమన్నారు. ఒకరు కౌన్సెలర్ అపాయింట్‌మెంట్ అదే సాయంత్రానికి పెట్టుకున్నారు. ఆయనను అడగకుండా డబ్బు ఇంట్లోవాళ్ల చేతికివ్వడం మాత్రం తప్పు.

## 8. ఉద్యోగ వేట నాలుగో వారం నుంచే

పూర్తిగా నేర్చుకున్నాక వెతుకుదామంటే ఆ రోజు రాదు. నాలుగో వారంలో మొదలుపెట్టండి.

ముందు ఏ పని ఇష్టమో అడగండి. కుక్కల పనిలోనే ఉండాలని అందరికీ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఉండాలనుకుంటే వైట్‌ఫీల్డ్, సర్జాపుర రోడ్డు అపార్ట్‌మెంట్లలో డాగ్ వాకింగ్, పెట్ క్లినిక్కులో అటెండర్, గ్రూమింగ్ అసిస్టెంట్, బోర్డింగ్‌లో కేర్‌టేకర్ పనులు అడగొచ్చు. వీధికుక్కలను పట్టే పని కొత్తవారికి వద్దు. కాట్లు, జనంతో గొడవలు రెండూ ఉంటాయి.

ఫైల్లో పెట్టాల్సినవి:

- హాజరు పుస్తకం కాపీ
- నేర్చుకున్న పనుల జాబితా, సూపర్‌వైజర్ సంతకంతో
- రేబిస్ టీకా కార్డు
- ఆధార్, బ్యాంక్ వివరాలు

"మధ్యలో మూడేళ్లు ఏం చేశావు?" అని అడిగితే ఏం చెప్పాలో ఇంట్లోనే గట్టిగా పలికి సాధన చేయించండి. "ఆరోగ్యం బాగోలేదు సార్, వైద్యం చేయించుకున్నాను. ఇప్పుడు బాగున్నాను. ఈ రెండు నెలలుగా బోర్డింగ్‌లో పనిచేస్తున్నాను, హాజరు పుస్తకం ఇదిగో." ఇంతే. అబద్ధం లేదు, అక్కర్లేని వివరం లేదు.

జబ్బు పేరు యజమానికి చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా ఆ మనిషి ఇష్టం. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 వైద్య వివరాల గోప్యతను హక్కుగా ఇచ్చింది. దీర్ఘకాలిక మానసిక అనారోగ్యం ఉన్నవారు వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద యూడీఐడీ కార్డుకు (వికలాంగుల గుర్తింపు కార్డు) దరఖాస్తు చేసుకోవచ్చు. సర్టిఫికెట్‌లో 40 శాతం, ఆపైన ఉంటే ఎక్కువ సదుపాయాలు వర్తిస్తాయి.

## 9. జబ్బు తిరగబెడితే

తాగి వచ్చాడనుకోండి. ఆ రోజు కుక్కలను ముట్టనివ్వకండి. అరవకండి, అందరి ముందు నిలబెట్టకండి. కూర్చోబెట్టి నీళ్లిచ్చి, ఇంట్లోవాళ్లకు ఫోన్ చేసి, తోడు ఇచ్చి పంపండి. కౌన్సెలర్‌కు ఆయన ఎదుటే ఫోన్ చేయండి. తిరిగి ఏ రోజు పనికి రావాలో కూడా ఆ రోజే చెప్పండి.

వారాల తరబడి గట్టిగా తాగి ఉన్నట్టుండి ఆపినా ప్రమాదమే. ఆపిన కొన్ని గంటల నుంచి మూడు రోజుల లోపు చెమటలు, విపరీతమైన వణుకు, ఫిట్స్, లేనివి కనిపించడం మొదలైతే ఇంట్లో పడుకోబెట్టకండి. నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

మానసిక అనారోగ్యంలో గుర్తులు వేరు. వరుసగా రెండు మూడు రాత్రులు నిద్ర లేకపోవడం, పుస్తకంలో రాత ఉన్నట్టుండి మారిపోవడం, ఎవరో తనను చూస్తున్నారనడం. మా దగ్గర ఒకరికి తిరగబెడుతోందని మొదట తెలిసింది రాత చూశాకే. అయిదు గళ్లు ఉన్నచోట రెండు పేజీలు నింపారు.

"మళ్లీ తాగితే చిన్నిని నీకివ్వం" అనే మాట నోట రాకూడదు. కుక్కను శిక్షకు వాడితే ఇన్నాళ్లూ కట్టినదంతా ఆ ఒక్క మాటతో కూలిపోతుంది.

## 10. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సర్దుకునే దారి

ఒక్క కుక్క మీదే అంతా పెట్టుకోవడం. కుక్క దత్తతకు వెళ్తుంది, జబ్బు చేస్తుంది, చనిపోతుంది కూడా. రెండో నెలలో రెండో కుక్కను పరిచయం చేయండి. చనిపోతే దాచకండి. ఆ రోజే, కౌన్సెలర్‌కు చెప్పాక, కూర్చోబెట్టి చెప్పండి. చూడాలంటే చూడనివ్వండి, మట్టి వేయాలంటే వేయనివ్వండి. తర్వాతి మూడు సాయంత్రాలు ఫోన్ చేయండి.

ఫొటోలు పెట్టడం. కుక్క ఫొటో పెట్టుకోండి, మనిషి ముఖం వద్దు. ఉద్యోగం ఇచ్చేవారు పేరు వెతికితే మొదట ఆ పోస్టే కనిపిస్తుంది.

పండగ సెలవులు. సంక్రాంతికి, దసరాకి బోర్డింగ్ కిక్కిరిసి ఉంటుంది, అప్పుడే మన తెలుగువాళ్లకు ఊరెళ్లాలని ఉంటుంది. ఊళ్లో పాత స్నేహితులు, మందు పార్టీలు ఉంటాయి. అయినా "వెళ్లొద్దు" అనకండి. నెల ముందే వంతులవారీ సెలవులు రాసి, తిరుగు టికెట్ ముందే కొనిపించండి. దీపావళికి టపాసుల చప్పుడుకు కుక్కలు హడలిపోతాయి. ఆ రాత్రి డ్యూటీ కావాలని అడిగేవారు ఉంటారు. అడిగితే ఇవ్వండి, ఇంకొకరిని తోడు పెట్టండి.

మంచి పనివాణ్ని వదులుకోలేకపోవడం. ఇది నా తప్పు కూడా. ఒకరిని పద్నాలుగు నెలలు నా దగ్గరే ఉంచేశాను. బయట ఎక్కువ జీతం వచ్చే పని దొరికే అవకాశం పోయింది. ఇప్పుడు చేరిన రోజే గోడ మీద తేదీ రాస్తున్నాం: ఆరు నెలలు.

## 11. ఉద్యోగం వచ్చాక

మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత రెండు నెలలు వారానికోసారి, ఏడాది దాకా నెలకోసారి ఫోన్ చేయండి. ఆఫీసుకు చేయకండి, ఆయన ఫోన్‌కు, ఆయన చెప్పిన వేళకు చేయండి. నిద్ర ఎలా ఉంది, మందులు ఎన్ని రోజులకు ఉన్నాయి, జీతం పడిందా, ఈ మూడూ తప్పకుండా అడగండి. ఆస్పత్రికి వెళ్లే రోజుకు సెలవు దొరకకపోతే, ఆయన సరేనంటేనే మీరు యజమానితో మాట్లాడండి.

పాత కుక్కను చూడటానికి ఆదివారం రావచ్చని ముందే చెప్పి ఉంచండి. బయల్దేరే ముందు ఫోన్ చేయమనండి. దాన్ని నడకకు పంపకుండా ఆపి ఉంచొచ్చు, పెద్ద కొక్కెం ఉన్న ఆ చైన్ మేకుకే వేలాడుతూ ఉంటుంది.